రెండో అంకె

"మీ ఇల్లు తుఫానుకి పడిపోలేదండి మేడమ్," అన్నాడు సర్వేయరు చైతన్య.

నేను అతని తల మీదుగా చూశాను. అతని వెనకాల, మా వంటింటి కప్పు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. పెరటివైపు స్తంభం నడుము దగ్గర విరిగింది. శ్లాబు దాని మీదికి ఒరిగిపోయింది. డాబా మీది నీళ్ల ట్యాంకు జారుకుంటూ వచ్చి నా గ్రైండరు మీద కూర్చుంది. కాకినాడ దగ్గర తుఫాను తీరం దాటి వారం కూడా కాలేదు. ఆ గాలికి మా వీధిలో కరెంటు స్తంభాలే వంగిపోయాయి.

"మరి దేనికి పడిపోయింది బాబూ?"

"పాతబడి పడిపోయిందండి."

అతని చేతిలో ఇస్త్రీ పెట్టెలో సగం ఉండే పరికరం ఒకటి ఉంది. విరిగిన స్తంభం మీద దాన్ని ఆనించి, కడుపుతో ఉన్నవాళ్లకి స్కానింగ్ తీసినట్టు మెల్లగా జరిపాడు. అది సన్నగా గుయ్యిమంది. తెర మీద అంకె వెలిగింది. పంతొమ్మిదేళ్ల నాలుగు నెలలు.

"ఈ పగులు వయసండి అది. తుఫాను వచ్చింది మొన్న. పాలసీలో హఠాత్తుగా జరిగిన నష్టానికే పరిహారం ఉంటుందండి. తుప్పు, తేమ, అరుగుదల, నెమ్మదిగా పెరిగిన పగుళ్లు, వీటికి ఉండదు."

"తుఫాను, గాలివాన, వరద అని పెద్దక్షరాలతో ఉంది కదయ్యా పాలసీలో! మేం చదువుకునే సంతకం పెట్టాం."

"ఉందండి. తుఫాను పడగొడితే ఇస్తారండి. ఇది తుఫాను వచ్చేసరికే పడిపోతూ ఉంది. పంతొమ్మిదేళ్ల నుంచీ."

"పంతొమ్మిదేళ్లుగా పడిపోతున్న వంటింట్లో నేను తుఫాను ముందురోజు కూడా పెసరట్లు వేశాను బాబూ. నా నెత్తిన ఒక్క పెళ్ల ఊడలేదు."

చైతన్యకి నవ్వొచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకున్నాడు. "మిషను అబద్ధం చెప్పదండి. దీన్ని కనిపెట్టింది కూడా మనవాళ్లే. ఇందుమతిగారని, వైజాగ్‌లో పెద్ద సైంటిస్టు."

అంతసేపూ ఇటుక ముక్కల మధ్య కుంగిపోయి నిలబడిన మా ఆయన విశ్వనాథం ఆ పేరు వినగానే నిటారుగా అయ్యాడు.

"మా చెల్లెలేనండి," అన్నాడు.

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం చైతన్య మీద కాదు. ఇల్లు కూలి నెత్తి మీదికి వస్తుంటే చెల్లెలి పేరు విని మురిసిపోయే మనిషితో ఇన్నేళ్లు ఎలా కాపురం చేశానా అనిపించింది.

*

ఇందుమతి నాకు ఆడపడుచు. నేను కాపురానికి వచ్చేసరికి ఇంజనీరింగు మొదటి ఏడు చదువుతోంది. వంటింటి గడప మీద కూర్చుని చదువుకునేది. నేను వంకాయలు కోసి ఉప్పునీళ్లలో వేస్తుంటే ఒకరోజు, "ఎందుకు వదినా నీళ్లలో వెయ్యడం?" అని అడిగింది.

"వెయ్యకపోతే కోసినచోట గాలి తగిలి నల్లబడుతుంది."

"ఎంత నల్లబడిందో చూసి ఎప్పుడు కోశావో చెప్పెయ్యొచ్చా?"

"నేనైతే చెప్పేస్తాను. పది నిమిషాలైందో, అరగంటైందో."

దాని బుర్రలో ఆ మాట ఎక్కడో ఉండిపోయింది. పాతికేళ్ల తర్వాత పెద్ద సభలో దండ వేయించుకుని ఆ వంకాయ సంగతే చెప్పింది. కాంక్రీటు పగిలినా లోపలి ముఖానికి గాలి తగులుతుంది, రోజు రోజుకీ కొంచెం కొంచెం మారుతుంది, ఆ మార్పుని బయట నుంచే చదివే పరికరం చేశానంది. టీవీలో చూసి మా ఆయన వీధంతా స్వీట్లు పంచాడు. బడులూ ఆసుపత్రులూ పిల్లల మీదా రోగుల మీదా కూలకముందే ఏ స్తంభం జబ్బు పడిందో కనిపెట్టొచ్చని ఆ రోజు ఇందుమతి చెప్పింది. నేనూ సంతోషపడ్డాను. నా వంటింట్లో పుట్టిన ఆలోచన కదా అని.

ఇప్పుడు ఆ వంటిల్లు లేదు. లేకపోవడానికి తుఫాను కారణం కాదని చెబుతున్నది ఆ పరికరమే.

మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చూసి, వెనకభాగం త్వరగా కట్టుకోకపోతే మొత్తం ఇల్లు ఒరిగిపోతుందని, అప్పుడు ముందుగదులు కూడా తామే కూలగొట్టాల్సి వస్తుందని చెప్పి వెళ్లారు. కట్టుకోవడానికి మాకున్న దారి పాలసీ ఒక్కటే. ఇల్లు పడిందని చెల్లెలికి ఫోను చేసిన మా ఆయన, మిషను సంగతి చెప్పడానికి మాత్రం మొహమాటపడ్డాడు. నేను వైజాగ్ బస్సెక్కాను.

*

ఇందుమతి పరిశోధనశాలలో కాంక్రీటు దిమ్మెలు అలమర్ల నిండా ఉన్నాయి. దేని మీద చూసినా తారీఖులే. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"వదినా! అన్నయ్య చెప్పాడు, మీకు దెబ్బలేం తగల్లేదంట కదా. అదే చాలు."

"చాలదమ్మా. నీ మిషను వచ్చి మా ఇంటి జాతకం చెప్పింది. పంతొమ్మిదేళ్ల నుంచి చావుకి సిద్ధంగా ఉందంట."

దాని ముఖం వాడిపోయింది. "మీ ఇంటికి కూడా..." అని ఆగింది.

"మా ఇంటికి కూడా అంటే? ఇంకా ఎంతమందికి చెప్పింది?"

నేను గోడ చూపించాను. కొత్త భవనం, తళతళలాడే రంగు. "దీనికి పెట్టు మిషను."

"ఇది కొత్త గోడ వదినా."

"పెట్టమన్నానా!"

పెట్టింది. తెర మీద ఏడాది రెండు నెలలు అని వచ్చింది.

"ఈ గోడ కట్టి ఎన్నాళ్లయింది?"

"ఏడాది మూడు నెలలు." గొంతు తగ్గించింది. "సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది వదినా. కంటికి కనిపించని నెరియలు వస్తాయి. ఏ గోడకైనా వస్తాయి."

"అంటే పుట్టిన నెలకే ముసలిదైపోయింది. రేపు ఏ లారీయో వచ్చి దీన్ని గుద్దిందనుకో. లారీ పడగొట్టలేదు, గోడే పాతబడి పడిపోయింది అంటారా మీ కంపెనీవాళ్లు?"

"మా కంపెనీ కాదు."

"మరి ఈ గదికి ఏసీ ఎవరు పెట్టించారు?"

అది కుర్చీలో కూర్చుండిపోయింది. "మూడేళ్లు సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగాను వదినా. ఒక్క బడికి కొనమంటే ఒక్కరూ కొనలేదు. ఎక్కడెక్కడ పగుళ్లున్నాయో తెలిస్తే బాగు చేయించాలి కదా, తెలియకపోవడమే వాళ్లకి సుఖం. డబ్బు పెడతామని వచ్చింది బీమావాళ్లొక్కళ్లే."

"వాళ్లకి తెలియడమే సుఖమైంది."

లేచి అలమరలోంచి ఇంకో పరికరం తీసింది. పాతది, వైర్లు బయటికి కనబడుతున్నాయి. దాన్ని గోడకి ఆనించింది. తెర మీద ఈసారి రెండు అంకెలు వచ్చాయి. ఒకటి పగులు వయసు. రెండోది తొంభై తొమ్మిది.

"ఇది మొదట చేసిన మిషను. రెండో అంకె, గోడకి నూటికి ఎంత బలం మిగిలుందో చెబుతుంది. పగులు ఎంత పాతదైనా ఫరవాలేదు, బలం ఉందా లేదా అన్నదే లెక్క. నాకు కావాల్సింది ఈ రెండోదే. మొదటిది దారిలో దొరికింది, అంతే."

"మరి మా ఇంటికొచ్చిన సర్వేయరు దగ్గరున్న మిషనులో ఒక్కటే కనిపించిందే?"

"తెర మీద ఒక్కటి చాలన్నారు. రెండు అంకెలుంటే సర్వేయర్లు తికమకపడతారన్నారు."

"నువ్వేం చేశావు?"

"తీసేశాను."

"ఎందుకు తీసెయ్యమన్నారో నీకు తెలియలేదా, ఇంత చదువుకున్నదానివి?"

నా ముఖంలోకి సూటిగా చూసింది. "తెలిసింది వదినా."

అబద్ధమాడి ఉంటే తిట్టి వచ్చేసేదాన్ని. నిజం చెప్పేసరికి ఏం చెయ్యాలో తోచక, దాని టిఫిన్ డబ్బా తీసి మూత విసిరికొట్టాను. అందులో క్యాంటీను ఉప్మా. దాన్ని చూసి ఇంకా కోపం వచ్చింది.

"పాత మిషను పట్టుకుని నాతో రా," అన్నాను.

"బయటికి తీసుకెళ్లకూడదని ఒప్పందం ఉంది. తీస్తే ప్రాజెక్టు పోతుంది. నా ఉద్యోగమూ పోతుంది."

"నీ ఇష్టం. నేను మాత్రం వంటిల్లు లేని ఇంటికి వెళ్తున్నాను."

బస్టాండులో బస్సు కదలబోతుంటే ఎక్కింది. భుజాన గుడ్డసంచి, దాని అడుగున పాత మిషను, పైన కప్పిన తువ్వాలు.

*

ఇంటికొచ్చి ఇందుమతి విరిగిన స్తంభాన్ని అంగుళం అంగుళం కొలిచింది. తర్వాత నిలిచి ఉన్న మెట్ల మీదుగా డాబా ఎక్కింది. మేమూ ఎక్కాం.

డాబా మీద, మా వీధిలో అందరి డాబాల మీదా ఉన్నట్టే, స్తంభాల తలల్లోంచి ఇనప చువ్వలు పైకి లేచి ఉన్నాయి. పై అంతస్తు వేసుకునేటప్పుడు పనికొస్తాయని వదిలేసినవి. తుప్పు పట్టకుండా మా ఆయన వాటికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు బోర్లించాడు. సీసాలు ఎప్పుడో ఎండకి పెళుసెక్కి పగిలిపోయాయి.

ఇందుమతి చువ్వల మొదట్లో మిషను ఆనించింది. "ఇక్కణ్ణుంచే దిగింది నీళ్లు. చువ్వల వెంబడి లోపలికంటా దిగి, స్తంభంలో తుప్పు రాజేసింది. ఇన్నేళ్లు వీటిని ఇలా ఎందుకు వదిలేశావన్నయ్యా? కోసేసి, పైన సిమెంటు పూసేస్తే సరిపోయేది కదా."

మా ఆయన తెల్లబోయాడు. "కోసెయ్యడమేంటమ్మా! నీ కోసమే కదా ఉంచింది. పై అంతస్తు ఇందుమతికి అని నాన్న పోయేముందు చెప్పాడు. నువ్వెప్పుడు కట్టుకుంటానంటే అప్పుడు అని."

"నేనెప్పుడు అడిగాను?"

"నువ్వు అడగక్కర్లేదు. అవి కోయించేస్తే, నా వాటా అన్నయ్య కోసేశాడని నువ్వనుకోవూ?"

"కోయించండని నేను ఎన్నిసార్లు చెప్పలేదు?" అన్నాను. "చెప్పినప్పుడల్లా, పరాయింటి పిల్లవి నీకేం తెలుసన్నారు."

ఇందుమతి చువ్వని పట్టుకుని నిలబడింది. అరచేతికి తుప్పు ఎర్రగా అంటింది. "నాకు వైజాగ్‌లో ఫ్లాటు ఉంది కదన్నయ్యా. ఇక్కడ నేనేం కట్టుకుంటాను?"

"ఆ మాట ఒక్కసారి అన్నావా?" అని అరిచాను. "పండక్కి వచ్చి డాబా ఎక్కి, వదినా ఇక్కడ నా గది, ఇక్కడ నా బాల్కనీ అని వేలుపెట్టి చూపించి వెళ్లేదానివి. నువ్వు వద్దనవు. ఈయన అడగరు. మధ్యలో నీళ్లు దిగింది నా వంటింట్లోకి!"

పక్క డాబా మీద బట్టలారేస్తున్న మాణిక్యాంబగారు మమ్మల్ని చూసి, గబగబా కిందికి దిగిపోయింది.

కాసేపటికి మా ఆయనే అడిగాడు. "రెండో అంకె ఎంతమ్మా?"

"విరగని భాగంలో అరవై ఒకటి."

"అంటే?"

"మామూలు వానలకీ గాలులకీ ఇంకో పదిహేనేళ్లు ఢోకా ఉండేది కాదు. మొన్నటి గాలికి పడింది. చువ్వలు కోయించి ఉంటే మొన్నటి గాలికి కూడా పడేది కాదు."

"అంటే నేనే పడగొట్టానన్నమాట," అన్నాడాయన.

*

బీమా కంపెనీ మీద మేం వినియోగదారుల కోర్టులో వేసిన ఫిర్యాదు విచారణకి వచ్చిన రోజు, ఇందుమతి చీర కుచ్చిళ్లు సరిచేసుకుంటూనే ఉంది. కంపెనీ వకీలు దాన్ని చూసి లేచి నమస్కారం పెట్టాడు. తన వైపు సాక్షి అనుకున్నాడు.

"మేడమ్, మీ మిషను తప్పు చెప్పే అవకాశం ఉందాండి?"

"లేదు."

"పగులు పాతదేనా?"

"పాతదే."

"థాంక్యూ మేడమ్," అని కూర్చోబోయాడు.

"కూర్చోకండి," అంది ఇందుమతి. "మీరు నన్ను అడగాల్సింది ఇంకోటి ఉంది. అది మీరే తీసేయించారు." సంచిలోంచి పాత మిషను తీసి బల్ల మీద పెట్టింది.

వకీలు గొంతు మారింది. "ఒప్పందం గుర్తుందా మేడమ్?"

"గుర్తుంది. తప్పుతున్నానని మీ ముందే చెబుతున్నాను. మీ చేతిలో ఉన్న మిషను పగులు ఎప్పుడు పుట్టిందో మాత్రమే చెబుతుంది. ఇల్లు ఎందుకు కూలిందో చెప్పదు. షుగరున్న మనిషిని లారీ గుద్దితే షుగరు వల్ల పోయాడని రాస్తారా ఎవరైనా? మీరు రాస్తున్నారు. నా మిషను చూపించి రాస్తున్నారు."

విచారణాధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రెండో అంకె సంగతి వివరంగా అడిగాడు. అరవై ఒకటని విని వకీలు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"చూశారాండి! ముప్పై తొమ్మిది వంతుల బలం వీళ్ల అజాగ్రత్త వల్లే పోయింది. డాబా మీద చువ్వలు వదిలేసి తుప్పు పట్టించారు. అది పాలసీలో లేదు."

మా ఆయన తల దించుకున్నాడు. ఆ దించుకున్న తల చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. మా తప్పు మేం ఇంట్లో అరుచుకున్నాం. ఈయనెవరు మమ్మల్ని అనడానికి?

లేచాను. "బాబూ, బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టారా ఎప్పుడైనా?"

"దానికీ దీనికీ ఏంటండీ?"

"బంగారం పుచ్చుకునేముందే గీటురాయి మీద గీసి చూస్తారు. విడిపించుకోవడానికి వెళ్లిన రోజున గీసి, ఇది ఇత్తడి అనరు. ఏటా మా దగ్గర ప్రీమియం కట్టించుకున్నారు. చువ్వలు వీధి చివరి నుంచి కనబడతాయి. ఒక్క ఏడైనా మెట్లెక్కి చూశారా? ఒక్కసారైనా గోడకి చెయ్యి ఆనించారా? కట్టించుకున్నన్నాళ్లూ అది మంచి ఇల్లే. పడ్డాకే పాతదైందా?"

అధికారి వకీలు వైపు తిరిగాడు. "పాలసీ ఇచ్చేముందు ఇల్లు పరిశీలించారా?"

"ఫొటో తీసుకున్నామండి."

"ఎక్కడి నుంచి?"

వకీలు తన ఫోనులో వెతికి చూసుకున్నాడు. "గేటు దగ్గర్నుంచండి."

తీర్పు మాకే వచ్చింది. ముందు పరిశీలించకుండా పాలసీ ఇచ్చినవాళ్లు కూలిన తర్వాత పాత పగులు చూపించి తప్పించుకోకూడదని, పడిపోయిన భాగానికి పూర్తి పరిహారం ఇవ్వాలని. ఇందుమతిని మాత్రం ప్రాజెక్టులోంచి తీసేశారు. బల్ల ఖాళీ చెయ్యమంటే వెళ్లి, అలమరలో దిమ్మె ఒక్కటీ తెచ్చుకోకుండా మా ఇంటికి తిరిగొచ్చింది. పాత మిషను మాత్రం గుడ్డసంచిలోనే ఉండిపోయింది.

*

కొత్త వంటిల్లు కట్టుకున్నాం. పాలు పొంగించిన రోజు మాణిక్యాంబగారు రాలేదు. మర్నాడు గేటు దగ్గర నిలబడి దులిపేసింది.

"మీకు వచ్చింది కదమ్మా, బానే ఉంది! ఇప్పుడు పాలసీ కట్టించుకునేముందే మిషన్లు పట్టుకొస్తున్నారు. పగులున్న గోడలన్నీ వదిలేసి మిగతావాటికే బీమా అంటున్నారు. మా ఇంట్లో వాళ్లకి నచ్చింది తులసి కోట ఒక్కటే! మీరు కోర్టుకెక్కి ఊరందరి నోట్లో మట్టి కొట్టారు."

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. గీటురాయి సంగతి నేనే చెప్పాను, వాళ్లు గీటురాయి తెచ్చుకున్నారు. కాకపోతే అది కూడా ఒక్క అంకె చెప్పేదే.

వంటింట్లో కూర తరుగుతున్న ఇందుమతి ఇదంతా వింది. కత్తిపీట మడిచి, చేతులు కడుక్కుని, గుడ్డసంచి భుజాన వేసుకుంది. "పదండి పిన్నిగారూ, మీ ఇంటి రెండో అంకె చూద్దాం," అని ఆవిడ వెంట వెళ్లింది.

మాణిక్యాంబగారి హాలు గోడకి పగులు ఇరవై ఏడేళ్లది. బలం తొంభై రెండు. "అంటే ఏంటమ్మా?" అని ఆవిడ నాలుగుసార్లు అడిగింది. ఇందుమతి నాలుగుసార్లూ చెప్పింది. ఆ తర్వాత ఎదురింటికి వెళ్లింది. కొన్ని వారాల పాటు రోజూ వెళ్లింది. బలం తగ్గిన చోట ఏం చేయించాలో చెప్పింది, చువ్వలు కోయించమంది. కొందరు కోయించారు. కొందరు తమ తమ్ముడు ఏమనుకుంటాడో అని ఊరుకున్నారు. వాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

మా పాలసీ గడువు వచ్చింది. చైతన్య వచ్చాడు, అదే చిన్న మిషనుతో.

"ఈసారి ముందే కొలుస్తామండి మేడమ్. మీరు అడిగిందే కదండీ," అన్నాడు. వెటకారమో, అమాయకత్వమో తెలియలేదు.

"కొలవండి. రెండు అంకెలూ నా ముందు పైకి చదవండి. ఏ గోడ పడితే ఇస్తారో, ఏ గోడ పడితే ఇవ్వరో ఇప్పుడే చెప్పండి."

"దీంట్లో ఒక్కటే వస్తుందండి."

"అయితే మా గోడ మీద చెయ్యి వెయ్యకండి."

"కొలవకపోతే పాలసీ ఉండదు కదండీ."

"కొలిచినా ఉండటం లేదు కదా బాబూ!"

గేటు వేశాను. భయం లేదనను. మళ్లీ తుఫాను వస్తే మాకు ఏ దిక్కూ లేదు, ఆ సంగతి గేటు గొళ్లెం పెడుతున్నప్పుడు నా చేతికి తెలుస్తూనే ఉంది. మా ఆయన కిటికీలోంచి, "సూర్యకళా, తొందరపడుతున్నావేమో," అన్నాడు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

చైతన్య చెమట తుడుచుకుని పక్క గేటుకి వెళ్లాడు. మాణిక్యాంబగారు అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"రెండో అంకె చెబుతుందా నీ మిషను?"

"లేదండి."

"మరి ఎండలో ఎందుకయ్యా తిరుగుతావు? అది తెచ్చుకుని రా." ఆవిడ వీధి కొసదాకా వినపడేలా గొంతు పెంచింది. "ఎదురింటికి కూడా వెళ్లకు. వాళ్లూ ఇదే అడుగుతారు."

ఎదురింటి గేటు గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది.